మీ ఇంట్లో భోజనం

కసిల్దా మూడోసారి నీళ్లు మార్చింది. సున్నం వేసి ఉడికించి రాత్రి నుంచి నానబెట్టిన నీలి మొక్కజొన్న గింజల్ని గంగాళంలో రెండు చేతులతో నలుపుతుంటే పొట్టు ఊడి పైకి తేలుతోంది. దాన్ని దోసిలితో తీసి కోళ్ల ముందు పారబోస్తోంది. కోళ్లు ఒకసారి పొడిచి చూసి పక్కకు పోతున్నాయి.

“వాటికీ మోలె అలవాటైపోయింది,” అంది పొయ్యి దగ్గర్నుంచి వదిన పెత్రొనీలా. “ఆదివారం నుంచీ అదే మేపుతున్నాగా. ఇంక పొట్టు ఏం రుచిస్తుంది?”

గురువారం వచ్చింది. మోలె మాత్రం అయిపోలేదు.

ఆరు రకాల మిరపకాయలు, నువ్వులు, వేరుశనగలు, బాదంపప్పు, చాక్లెట్ అన్నీ రెండు రోజులపాటు సన్నికల్లు మీద నూరి, రెండు టర్కీ కోళ్లను కోసి, ముప్పై మందికి సరిపడా ఆ మోలె పులుసు కాచింది పెత్రొనీలా. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు రాజధాని నుంచి మగపెళ్లివారు వచ్చి, ఆనవాయితీ ప్రకారం కసిల్దాను అడగాలి. రెండయింది. మూడయింది. ఆరయింది. కొండ కింద నుంచి వచ్చిన ప్రతి బస్సూ షికారుకొచ్చిన పట్నం జనాన్ని దింపింది గానీ వరుణ్ణీ అతని తల్లినీ మాత్రం దింపలేదు.

పెళ్లివారికి బదులు ఇరుగుపొరుగు వచ్చారు, పరామర్శకు. పరామర్శకు వచ్చినవాళ్లు మంచి ఆకలి మీద వచ్చారు. అయినా సగం గుండిగ మిగిలింది.

నలభై మూడేళ్ల ఆడమనిషిని అడగడానికి ఎవరో వస్తున్నారన్నదే శాన్ మెలితోన్ ఊరికి పెద్ద వార్త. రాలేదన్నది ఇంకా పెద్ద వార్త.

వరుడు లెయోబార్దో గడియారాలు బాగుచేసే మనిషి. ఏడాది కిందట చౌకులోని గోపురం గడియారం ఆగిపోతే పట్నం నుంచి పిలిపించారు. బాగుచేసి కిందికి దిగి, అక్కడే కసిల్దా రొట్టెలు కాల్చి అమ్మే పెనం ముందు నిలబడి, బీన్సు ముద్ద పెట్టి కాల్చిన నీలి రొట్టెలు రెండు తిన్నాడు. ఆ రోజు నుంచీ ఆ గడియారానికి ఏం రోగం పట్టిందో గానీ శనివారం దాకా శుభ్రంగా నడిచి ఆదివారం పొద్దున్నే ఆగిపోయేది. అతను రావడం, గోపురం ఎక్కడం, దిగడం, రెండు రొట్టెలు తినడం. ఎనిమిది నెలలకు మూడో రొట్టె అడిగాడు. ఊరికి విషయం అర్థమైంది.

“ఉభయ బాగుందా, ఇరు బాగుందా?”

భోజనాల బల్ల దగ్గర్నుంచి ఆ మాట అడిగింది అన్నయ్య వుల్ఫ్రానో. ముందు టైపు మిషను, దానికి రెండు పక్కలా చింపిన కాగితాలు. పాతికేళ్లుగా చౌకులోని వసారా కింద కూర్చుని ఊరందరికీ అర్జీలూ ఉత్తరాలూ రాసిపెట్టే మనిషి. ఆ కొండ మీద అంతటి మర్యాదస్తుడు లేడని పేరు. దారిలో కుక్క ఎదురైనా టోపీ తీస్తాడని ఆకతాయిలు అంటారు. ఆదివారం సాయంత్రం ‘ఆ కుటుంబం పేరు ఈ ఇంట్లో ఎత్తడానికి వీల్లేదు’ అన్నాడు. అని, నాలుగు రోజులుగా ఆ పేరుతోనే మొదలయ్యే ఉత్తరం రాస్తున్నాడు.

“ఎక్కడ, అన్నయ్యా?” అంది కసిల్దా.

“చివర్లో. ఇరు కుటుంబములు అనాలా, ఉభయ కుటుంబములు అనాలా?”

“ఏదైనా ఒకటే.”

“ఒకటి కాదమ్మా. ఉభయలో ఒక బరువుంది.”

పెత్రొనీలా గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. “మొదట్నుంచీ చదవండి, విందాం.”

వుల్ఫ్రానో గొంతు సవరించుకున్నాడు. “మహా గౌరవనీయులైన గ్రిసెల్దా అమ్మగారి సముఖమునకు, తమ చేతులకు ముద్దిడుచు తమ విధేయుడు చేయు విన్నపము. గడచిన ఆదివారమున తమరును, తమ చిరంజీవియును మా గృహమునకు దయచేయకుండుట అను గౌరవమును మాకు...”

“ఆగండాగండి. రాకపోవడం గౌరవమా?”

“అది వాక్యం ఒరవడి.”

“మీరు తిడుతున్నారా, దండ వేస్తున్నారా?”

“తిట్టడానికీ ఒక పద్ధతి ఉంటుంది పెత్రొనీలా. చదివినప్పుడు బాగుంటుంది. రెండు రోజులు పోయాక గుచ్చుకుంటుంది.”

“ఆవిడకి డెబ్బై ఆరేళ్లు. రెండు రోజులు పోయాక గుర్తుండొద్దూ?”

వుల్ఫ్రానో విననట్టు చివరి వాక్యానికి వెళ్లాడు. “కావున ఇకమీదట మన ఉభయ కుటుంబముల నడుమ ఈ సంబంధమును గూర్చిన ప్రస్తావన ఏదియు ఉండనక్కర లేదని సవినయముగా మనవి.” చదివి తల పంకించాడు. “ఉభయే ఉంచుతాను. మధ్యాహ్నం బస్సుకి టపా సంచి వెళ్తుంది. దాన్లో వేసేస్తే అయిపోతుంది.”

కసిల్దా చేతులు నీళ్లలో ఆగిపోయాయి. ఆ ఉత్తరంలో తేటగా ఉన్నది ఆ ఒక్క వాక్యమే. అది టపా సంచిలో పడితే తన సంగతి ముగిసినట్టే. ఏమైనా అంటే ఇప్పుడే అనాలి. ఏమనాలో వెతుక్కుంది. గింజల్లో వెతుక్కుంది. సున్నం వాసన ఇంకా వదల్లేదనిపించి గంగాళం వంచి నాలుగోసారి నీళ్లు పోసింది.

వీధిలో కుక్క మొరిగింది.

గోడవారన ఎండలో కూర్చున్న ముసలాయన అనాస్తాసియో తలెత్తాడు. ఆయన పెత్రొనీలా తండ్రి. ఎనభై ఎనిమిదేళ్లవాడు. చెవులు వినపడవు. కుక్క మొరగడం మాత్రం ఎలా తెలుస్తుందో తెలుస్తుంది.

“పట్నపు బూట్లు,” అన్నాడు వాకిలి వైపు చూస్తూ. “ఎవరు పోయారు?”

ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఆ ఊరికి పట్నం జనం వచ్చేది శని, ఆదివారాలే. గురువారం నాడు పట్నపు బూట్లు ఆ నిట్టనిలువు వీధి ఎక్కాయంటే ఎవరినో పాతిపెట్టడానికే.

ముందు ఒక నల్లగౌను, దాని మీద ఒక తెల్లజుట్టు ముడి కనిపించాయి. అంత ఎత్తు ఎక్కి కూడా ఆయాసపడకుండా గుమ్మంలో నిటారుగా నిలబడింది గ్రిసెల్దా. వెనక, గుడ్డలో మూటగట్టిన పెద్ద కుండను పొట్టకు కరుచుకుని, చెమటలు కక్కుతూ, రొప్పుతూ ఆమె కొడుకు లెయోబార్దో. యాభై ఒక్కేళ్ల మనిషి. టోపీ తీద్దామంటే చెయ్యి ఖాళీ లేదు.

“వుల్ఫ్రానో గారి ఇల్లు ఇదేనా?” అంది ముసలావిడ.

వుల్ఫ్రానో లేచి నిలబడ్డాడు. నాలుగు రోజుల కోపమూ ఎక్కడికో పోయింది. పాతికేళ్ల అలవాటు నోట్లోంచి వచ్చేసింది.

“ఇది తమ ఇల్లేనమ్మా. లోపలికి దయచేయండి.”

అన్నాక గుర్తొచ్చింది, తనకు కోపంగా ఉందని. చేతిలో ఉన్న ఉత్తరాన్ని వీపు వెనక పెట్టుకున్నాడు.

“దయచేయడానికి రాలేదు. పోట్లాడ్డానికి వచ్చాను,” అంది గ్రిసెల్దా లోపలికి వస్తూ. “ఆదివారం ఎందుకు రాలేదు మీరు?”

“మేమా?”

“మీరే. నలుగురూ.”

వుల్ఫ్రానో భార్యను చూశాడు. పెత్రొనీలా చేతిలోని గరిటెను చూసుకుంది. గంగాళం ముందు కసిల్దా మెల్లగా లేచి నిలబడింది.

“ఒరేయ్, మూత తియ్యి,” అంది తల్లి. లెయోబార్దో కుండను గడప మీద పెట్టి గుడ్డ విప్పాడు. “చూడండి. ఎండబెట్టిన గొడ్డు మాంసం, మా ఊరి పద్ధతిలో. మీ కోసం వండింది. దాంతోపాటు నూట ఇరవై గోధుమ రొట్టెలు ఈ చేతులతో చేశాను. ఆదివారం నుంచి నేనూ వీడూ పొద్దున అదే, సాయంత్రం అదే. మా వీధి వాళ్లంతా వచ్చి అయ్యో అయ్యో అంటూ తిని పోయారు. అయినా మిగిలింది.”

“గోధుమ రొట్టెలా!” అంది మొక్కజొన్న రొట్టె తప్ప ఎరగని పెత్రొనీలా. అంత గొడవలోనూ ఆ మాట ఆపుకోలేకపోయింది.

“ఎందుకు చేశారమ్మా అవన్నీ?” అన్నాడు వుల్ఫ్రానో నీరసంగా.

“ఎందుకా? వస్తామన్నది మీరు కాదూ? మీ ఊరి మందుల షాపు నుంచి ఫోను చేసి, ఆదివారం రెండు గంటలకు అందరం భోంచేద్దాం అన్నారు.”

“అన్నాను.”

“ఎక్కడ భోంచేద్దామన్నారు?”

“తమ ఇంట్లో.”

“అదీ! మా ఇంట్లో.”

“కాదమ్మా. తమ ఇంట్లో. అంటే ఇక్కడ.”

“ఇక్కడ నా ఇల్లెక్కడుంది?”

“ఇదే.”

గ్రిసెల్దా కొడుకు వైపు తిరిగింది. “ఏమంటున్నాడ్రా ఈయన?”

శాన్ మెలితోన్‌లో ఎవరూ ‘మా ఇల్లు’ అనరు. ఎదుటి మనిషితో మాట్లాడుతూ సొంత ఇంటిని నాది అనడం మోటుతనం కింద లెక్క. ‘నిన్న మీ ఇంటి పైకప్పు కారింది’ అంటే, నా ఇంటి పైకప్పు కారిందని. ‘మీ ఇంట్లో పంది ఈనింది’ అంటే చెప్పేవాడి పంది ఈనిందని. ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇందులో తికమక లేదు. రాజధానిలోనూ పాతకాలం వాళ్లు కొందరు అలాగే అంటారు. వుల్ఫ్రానో అయితే కలలో కూడా ‘నా ఇల్లు’ అని ఎరగడు.

కానీ గ్రిసెల్దా పుట్టింది సొనోరాలో, దేశానికి ఉత్తరపు కొసన, ఇసుకలో.

“మా వైపు నా ఇల్లంటే నా ఇల్లు, నీ ఇల్లంటే నీ ఇల్లు,” అంది ఆమె, లెయోబార్దో గొణుగుతూ అర్థం చెప్పాక. “రెంటి మధ్యా ఒక రోజు ప్రయాణం ఇసుక ఉంటుంది. పొరబడ్డానికి వీల్లేదు.”

“రాజధానికొచ్చి నలభై ఏళ్లయిందన్నారుగా?” అంది పెత్రొనీలా. “అక్కడెవరూ అనలేదా?”

“అక్కడ నన్నెవరమ్మా భోజనానికి పిలిచింది?”

ముసలాయన అందరి ముఖాలూ చూసి, పోయింది దగ్గరివాళ్లే అయి ఉంటారనుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు.

కసిల్దాకు నవ్వొచ్చింది. ఆదివారం తర్వాత అదే మొదటిసారి. ఇంతేనా? ఒక్క మాటేనా? తలెత్తి చూస్తే లెయోబార్దో కూడా ఇటే చూస్తున్నాడు. ఆయాసంతో ఎర్రబడిన ముఖం ఇంకాస్త ఎర్రబడింది.

“ముందు కూర్చోండమ్మా,” అన్నాడు వుల్ఫ్రానో కుర్చీ జరుపుతూ.

“కూచోను. కూచుంటే చుట్టాన్నయిపోతాను. ఇంకా పోట్లాట పూర్తి కాలేదు.”

పెద్దావిడ నిలబడి ఉండగా తాను కూర్చోలేడు వుల్ఫ్రానో. ఆయన నిలబడి ఉండగా పెత్రొనీలా కూర్చోలేదు. లెయోబార్దో మర్యాద కొద్దీ నిలబడ్డాడు. కసిల్దా ఎలాగూ నిలబడే ఉంది. అంత పెద్ద వసారాలో, ఆరు కుర్చీల మధ్య, ముసలాయన తప్ప అందరూ నిలబడ్డారు.

“మీ ఇల్లే అనుకోండమ్మా,” అన్నాడు వుల్ఫ్రానో బతిమాలుతూ.

“అనుకోవడమెందుకు? నాదేనన్నారుగా.” ముసలావిడ కళ్లు మెరిశాయి. నడుము మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసింది. “అయితే వినండి. నా ఇంట్లో కోళ్లు లోపలికి రాకూడదు. ఆ గోడకి సున్నం కొట్టించి ఎన్నేళ్లయింది? ఈ మిషనేమిటి, అన్నం తినే బల్ల మీద?”

“చిత్తం,” అని వుల్ఫ్రానో మిషను ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక ఎక్కడ పెట్టాలో తోచక, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తుకోవడంలో వీపు వెనక దాచిన ఉత్తరం జారి నేల మీద పడింది.

గ్రిసెల్దా వంగి తీసింది. “నా ఇంట్లో నా పేరున్న కాగితం. చదువుకోవచ్చుగా? ఒరేయ్, కళ్లజోడు తేలేదు, నువ్వు చదువు.”

లెయోబార్దో చదివాడు. చిన్న చిన్న చక్రాలు చూసే మనిషి, ఒక్కో మాటనూ పట్టుకారుతో తీసినట్టు తీస్తూ చదివాడు. తల్లి కళ్లు మూసుకుని తలూపుతూ వింది.

“చాలా బాగా రాశారు,” అంది మధ్యలో. “ఎవరికి, సన్మానమా?”

చివరి వాక్యం దగ్గర కొడుకు ఆగిపోయాడు. కాగితం పైనుంచి కసిల్దాను చూశాడు. అడుగుతున్నట్టు చూశాడు. కసిల్దా తల అడ్డంగా ఊపింది, నేను రాయలేదు అన్నట్టు.

“సన్మానం కాదమ్మా,” అన్నాడు. “మనల్ని వద్దంటున్నారు.”

ముసలావిడ కళ్లు తెరిచింది.

“వద్దనడానికి నేనేం చేశాను? అర్థం కాకపోతే నోరు మూసుకుని కూచున్నానా? అడిగానుగా ఫోన్లోనే! ఎంతమంది వస్తారు బాబూ, దానికి తగ్గట్టు వండుతాను అని అడిగానా లేదా?”

వుల్ఫ్రానో మిషను మీది దుమ్ము ఊదాడు.

“అడిగానా లేదా?”

“అడిగారు.”

“మీరేమన్నారు? నలుగురం అమ్మా, మా మామగారితో కలిపి, అన్నారు. అక్కడితో ఆగారా? ఆయనకి పళ్లు లేవు, మాంసం కాస్త మెత్తగా ఉడకనివ్వండి అన్నారు. అందుకే గదా మామూలుగా వండేదానికి రెండింతలసేపు ఉడికించాను!”

పొయ్యి మీద మోలె బుడబుడలాడటం వినిపించింది.

పెత్రొనీలా భర్త వైపు నెమ్మదిగా తిరిగింది. “మా నాన్నకి పళ్లు లేవని చెప్పారా?”

“లేవుగా,” అన్నాడు వుల్ఫ్రానో.

“ఎవరి వంట గురించి చెప్పారు?”

వుల్ఫ్రానో మిషను మీటల వైపు చూశాడు.

కసిల్దా ముందుకొచ్చింది. మోచేతుల దాకా తడి. వేళ్లకు మొక్కజొన్న పొట్టు అంటుకుని ఉంది.

“అన్నయ్యా, నీకప్పుడే తెలిసిందా?”

అంత నెమ్మదిగా అడిగిన ప్రశ్నకు ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు వుల్ఫ్రానోకు. మిషనును ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి మార్చుకున్నాడు.

“ఆవిడ అంత ప్రేమగా అడుగుతున్నారు. మొదటిసారి మాట్లాడుతున్నాం. పెద్దావిడ. ‘మీకు అర్థం కాలేదమ్మా’ అని ఎలా అనమంటావు? మందుల షాపులో పదిమంది వింటున్నారాయె.”

“తర్వాతయినా...”

“ఆదివారంలోగా ఆవిడకే తడుతుందనుకున్నాను.”

“తట్టకపోతే?”

“అప్పుడు తప్పు మనది కాదు కదా,” అన్నాడు. అన్నాక ఆ మాట తన చెవులకే బాగాలేదనిపించి, “మర్యాద తప్పింది మనం కాదు కదా అని,” అని సవరించుకున్నాడు. అలా కూడా ఏమీ బాగుపడలేదు.

“రెండు రోజులు నూరాను,” అంది పెత్రొనీలా. “మిరపకాయల మంటకి కళ్లు వాచిపోయాయి. మీరు పక్కనే కూచుని, ఇంకాస్త నువ్వులు పడాలేమో అన్నారు. ఎవరూ రారని తెలిసి!”

“వస్తారేమోనని కూడా ఉండింది.”

“నోరు మూసుకోండి!”

ఆ ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. వుల్ఫ్రానో నోరు మూసుకున్నాడు.

కసిల్దాకు ఆదివారం గుర్తొచ్చింది. నీలం గౌను. కొత్త జోళ్లు వేళ్లను నొక్కేస్తుంటే రెండు నుంచి ఆరు దాకా కదలకుండా కూర్చోవడం. అన్నయ్య అరగంటకోసారి వాకిట్లోకి వెళ్లి వీధి పొడుగునా చూసి, నిట్టూర్చి వచ్చేవాడు. ఆరు గంటలకు తల మీద చెయ్యి వేసి, “లోకంలో మర్యాద లేదమ్మా” అన్నాడు. ఆ చేతి బరువుకు ఆమెకు ఏడుపొచ్చింది. ఎంత మంచివాడు అన్నయ్య అనుకుంది.

ఆమె లెయోబార్దో వైపు తిరిగింది. పెనం ముందు కాక, ఇంట్లో, నలుగురి ముందు, అతనితో మాట్లాడటం అదే మొదలు.

“ఆదివారం మీరేం చేశారు?”

“కూచున్నాను.”

“ఎక్కడ?”

“మా గుమ్మంలో. రెండు నుంచి ఎనిమిది దాకా. ఎనిమిదీ పదకొండు నిమిషాల దాకా.”

“అరగంటకో బస్సుందిగా, ఇక్కడికి.”

“ఉంది.”

“మరి?”

అతను టోపీ అంచును వేళ్లతో తిప్పాడు. “వాళ్లు దారిలో ఉంటారు, మనం బయల్దేరితే ఒకరికొకరం తప్పిపోతాం అంది అమ్మ. చీకటి పడ్డాక, మీకే ఇష్టం లేదేమో అనుకున్నాను. సోమవారం మందుల షాపుకి ఫోను చేద్దామనుకున్నాను. ఇష్టం లేనివాళ్లని నిలదీసి అడిగితే మర్యాదగా ఉండదని...”

“మానేశారు.”

“మానేశాను.”

“మంగళవారం?”

“మంగళవారం కూడా,” అన్నాడు. దాచడం చేతకాని మనిషి.

అప్పుడు కుర్చీ కిర్రుమంది. అందరూ తిరిగి చూశారు. గ్రిసెల్దా కూర్చుంది. కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద వేసుకుని నవ్వుతోంది. ముందు చప్పుడు లేకుండా, తర్వాత భుజాలు కదిలేలా, ఆ తర్వాత కళ్ల నీళ్లు వచ్చేలా.

“పళ్లు లేవని... మెత్తగా ఉడికించమని...” అంటోంది. “ఓరి దేవుడా! అరవై మైళ్ల అవతల వండుతున్న మాంసాన్ని... ఇక్కడ్నుంచి ఉడికించాడు!”

“కూచున్నారు!” అంది పెత్రొనీలా. అని తనూ ఫక్కున నవ్వింది. ఆదివారం నుంచి బిగబట్టిందేమో, గరిటె బల్ల మీద పడేసి, పైట చెంగులాగా భుజాన వేలాడుతున్న తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “కూచున్నాక పోట్లాట లేదండోయ్. ఇంక మీరు చుట్టాలే.”

“చుట్టాన్నే. ఏం పెడతావో పెట్టు. నాలుగు రోజులుగా గొడ్డు మాంసం తిని నాలుక మొద్దుబారిపోయింది.”

“నాలుగు రోజులుగా మోలె తిని మా కోళ్లే నాతో మాట్లాడ్డం మానేశాయి. ఆ కుండ ఇలా ఇవ్వండి, మేం అది తింటాం.”

అంతే. ఇల్లు మారిపోయింది. పెత్రొనీలా పళ్లేలు తెచ్చింది. గ్రిసెల్దా కుండతోపాటు గుడ్డలో మూటగట్టించి తెచ్చిన గోధుమ రొట్టెలు పెనం మీద వేడిచేయించింది. పంటి అవసరం లేని ఆ రొట్టె ఒకటి నోట్లో పెట్టుకున్న ముసలాయన కళ్లు పెద్దవి చేసి, ఎవరు పోయారో గానీ చాలా మంచివాళ్లు అన్నాడు. వుల్ఫ్రానో మిషనును గూట్లో పెట్టి, దోషిలా వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

“ఆ ఉత్తరం చింపెయ్యండి,” అంది భార్య.

“చింపుతాను. ఆ ఉభయ వాక్యం మాత్రం దాచుకుంటాను. బాగా కుదిరింది.”

“అయితే అసలు అడగడం ఎప్పుడు?” అంది గ్రిసెల్దా మోలె వేలితో తీసి నాకుతూ. “ఇవాళ అడిగితే చెల్లదు. పోట్లాడ్డానికి వచ్చి, చేతిలో ఆనవాయితీ రొట్టెల బుట్ట లేకుండా, పిల్లని ఎలా అడుగుతాను? వచ్చే ఆదివారం పెట్టుకుందాం.”

“తప్పకుండా. తమ ఇంట్లో,” అన్నాడు వుల్ఫ్రానో.

“ఎవరింట్లో?”

“తమ... అంటే... ఇక్కడ.”

“ఊహూఁ. ఈసారి మీరే మా ఇంటికి రండి. నేను పెద్దదాన్ని. ఇంత కొండ మళ్లీ ఎక్కలేను.”

“ఆడపిల్ల ఇంటికొచ్చి అడగడం కదమ్మా ఆనవాయితీ?” అంది పెత్రొనీలా.

“ఈ ఇల్లు నాదేనన్నాక, మీ ఇల్లు అక్కడే గదా మరి?”

“అబ్బ, ఇంత బాగా పట్టుకున్నారే!” వుల్ఫ్రానోకు ముచ్చటేసింది. “అలాగైతే తమ ఆజ్ఞ. ఆదివారం మేమే వస్తాం, మా ఇంటికి.”

“అంత కష్టం మీకెందుకు? మేమే వస్తాంలెండి, మా ఇంటికి.”

“మేమొస్తాం.”

“కాదు, మేమే.”

ఒకరి కష్టం ఒకరు తప్పించడానికి పోటీపడ్డారు. వేళ్ల మీద ఆదివారాలు లెక్కపెట్టారు. ఒక ఆదివారం ఊరి పండగ అన్నారు, ఒక ఆదివారం ముసలాయన పుట్టినరోజు అన్నారు. సగం దారిలో ఎక్కడైనా కలుద్దామన్నారు. సగం దారిలో ఉన్నది బస్సులకు గాలి కొట్టే దుకాణం ఒక్కటే. దాని గురించీ ఆలోచించారు.

కసిల్దా గంగాళం పక్కనే నిలబడి ఉంది. ‘నువ్వేమంటావు’ అని ఎవరైనా ఇటు తిరుగుతారేమోనని చూసింది. అన్నయ్య తిరగలేదు. వదిన వడ్డిస్తోంది. ముసలావిడ ఒకసారి తిరిగింది గానీ, “అమ్మాయ్, కాసిని మంచినీళ్లు,” అంది. కసిల్దా మంచినీళ్లు ఇచ్చింది.

లెయోబార్దో పళ్లెం అందుకోలేదు. గుమ్మం దగ్గరే ఉన్నాడు.

“నువ్వేమంటావురా?” అంది తల్లి. “ఈ ఆదివారమా, పై ఆదివారమా?”

“మీరంతా ఎలా అంటే అలాగే అమ్మా,” అన్నాడు లెయోబార్దో.

కసిల్దా ఆ మాట వింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అదే మాట, అదే మెత్తటి గొంతుతో, నలభై మూడేళ్లుగా తను ఈ ఇంట్లో అంటూ వచ్చింది. బయటి నుంచి వింటే ఇలా ఉంటుందన్నమాట అనుకుంది.

పొట్టు అంటిన వేళ్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడుచుకుంది. మేకుకు వేలాడుతున్న శాలువా తీసి భుజాల చుట్టూ కప్పుకుంది. బల్ల పక్క నుంచే నడిచింది. అక్కడ చర్చ మేరీమాత పండగ దాకా వెళ్లింది.

గుమ్మంలో లెయోబార్దో ఆమెను చూశాడు. శాలువా చూశాడు. ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. ఎక్కడికని అడగడం బాగుండదనుకున్నాడు కాబోలు, టోపీ ఛాతీకి ఆనించుకుని, గోడకు హత్తుకుపోయి దారి ఇచ్చాడు.

“దయచేయండి,” అన్నాడు.

కసిల్దా ఒక్క క్షణం ఆగింది. అడుగుతాడేమోనని అతని ముఖంలోకి చూసింది. అతను ఇంకాస్త తప్పుకున్నాడు.

ఆమె గడప దాటి వీధిలోకి వెళ్లిపోయింది.